నూట ఇరవై చలరాశులు, ముప్ఫై సంవత్సరాలు: రాయలసీమ మెట్ట పంటల దిగుబడి అంచనాలో గ్రీడీ పద్ధతులు

కర్నూలు, కడప ప్రాంతాల మెట్ట పంటలకు వాతావరణం ఆధారంగా దిగుబడి అంచనా వేయబూనిన పరిశోధకునికి సమాచారం ఒక వైపు పొంగిపొరలుతుంది, మరొక వైపు బొత్తిగా చాలదు. వాతావరణ కేంద్రం నుండి గరిష్ఠ ఉష్ణోగ్రత, కనిష్ఠ ఉష్ణోగ్రత, వర్షపాతం, ఉదయపు తేమ, సాయంత్రపు తేమ, ఎండ కాసిన గంటలు అనే ఆరు అంశాలు వారం వారం అందుతాయి. ఖరీఫ్ వేరుశనగకు మృగశిర కార్తె మొదలు ఇరవై వారాలు లెక్కలోకి తీసుకుంటే మొత్తం 120 చలరాశులు. దిగుబడి వైపు చూస్తే, పంటకోత ప్రయోగాలన్నీ క్రోడీకరించిన తరువాత జిల్లాకు, సీజనుకు మిగిలేది ఒక్క అంకె. ముప్ఫై సంవత్సరాల రికార్డు ఉంటే ముప్ఫై అంకెలు. అంటే 120 తెలియని గుణకాలను 30 సమీకరణాలతో కనుగొనాలి.

ఇటువంటి స్థితిలో కనిష్ఠ వర్గాల పద్ధతి గడచిన ముప్ఫై ఏళ్ల దిగుబడులకు పొల్లుపోకుండా సరిపోయే సమాధానాలను లెక్కకు మించి ఇవ్వగలదు. వాటిలో దేనినీ రాబోయే ఏడాదికి నమ్మడానికి వీలులేదు. కనుక ఒక ఊహ అవసరమవుతుంది: 120 చలరాశులలో దిగుబడిని నిజంగా శాసించేవి కొన్ని మాత్రమే, తక్కిన వాటి గుణకాలు సున్న లేక దానికి దగ్గర. దీనినే విరళత అంటారు. ఇది గణిత సౌలభ్యం కోసం చేసుకున్న ఊహ మాత్రమే కాదు, శస్యశాస్త్రం కూడా కొంతవరకు దీనిని సమర్థిస్తుంది. పత్తికొండ, డోన్, రాయచోటి ఎర్రనేలల్లో జూలైలో విత్తిన వేరుశనగ తొలిదశలో కొద్దిపాటి బెట్టను తట్టుకుంటుంది. ఊడలు దిగి కాయ ఊరే దశలో, అంటే మఖ, పుబ్బ, ఉత్తర కార్తెలలో, అదే బెట్ట వస్తే తట్టుకోలేదు. నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు నల్లరేగడిలో రబీ పప్పుశనగ ప్రధానంగా నేలలో నిలిచిన తేమతో బ్రతుకుతుంది; దానికి జూన్ నెల ఎండతో పెద్దగా నిమిత్తం లేదు. పనిచేసే అంశాలు కొన్నే, అయితే పంటను బట్టి, నేలను బట్టి అవి వేరు.

ఆ కొన్నింటిని ఎంచుకోవడం ఎలా? 120లో అయిదు చలరాశులు మాత్రమే కావాలనుకున్నా, సాధ్యమయ్యే జట్లు 19,05,78,024. ప్రతి జట్టుకూ ఒక ప్రతిగమన సమీకరణం కట్టి చూడడం నేటి కంప్యూటరుకు అసాధ్యం కాదుగాని, అయిదు పదైతే, వారాలు రోజులైతే ఆ దారి మూసుకుపోతుంది. ఇది కేవలం యంత్రాల వేగానికి సంబంధించిన సమస్య కాదు. అత్యల్ప చలరాశులతో నిర్దిష్ట ఖచ్చితత్వాన్ని సాధించే జట్టును కనుగొనడం సాధారణ సందర్భంలో ఎన్‌పీ-హార్డ్ తరగతికి చెందిన సమస్య అని 1995లో నటరాజన్ నిరూపించాడు. అన్ని సందర్భాలలోనూ సరైన సమాధానాన్ని శీఘ్రంగా ఇచ్చే పద్ధతి ఏదీ ఇంతవరకు తెలియదు, ఉంటుందన్న ఆశా లేదు.

గ్రీడీ పద్ధతి ఈ చిక్కుముడిని విప్పే ప్రయత్నం చేయదు, పక్కనుండి దాటిపోతుంది. మొదట 120 చలరాశులలో దిగుబడితో అత్యధిక సంబంధం గల దానిని తీసుకుంటుంది. అది వివరించలేకపోయిన భాగాన్ని, అంటే అవశేషాన్ని, లెక్కించి మిగిలిన 119లో ఆ అవశేషాన్ని ఎక్కువగా తగ్గించే దానిని చేర్చుకుంటుంది. అయిదు చలరాశులకు మొత్తం 120, 119, 118, 117, 116 కలిపి 590 సమీకరణాలు చాలు. ఏ అడుగులో ఏది ఎక్కువ లాభమో అదే తీసుకోవడం, వెనుకకు చూడకపోవడం దీని స్వభావం. గ్రీడీ అన్న మాటను అత్యాశ అని అనువదిస్తే పద్ధతి మీద నేరం మోపినట్లవుతుంది; అందుచేత ఈ వ్యాసంలో ఆ మాటనే ఉంచాను.

ఈ పద్ధతి మన విద్యార్థులకు కొత్తది కాదు. స్టెప్‌వైజ్ రిగ్రెషన్ పేరుతో ఎమ్మెస్సీ థీసిస్‌లలో దశాబ్దాలుగా వాడుతున్నది ఇదే. దీనిని కంప్యూటరుకు అనువుగా క్రమబద్ధం చేసినది 1960లో ఎఫ్రాయిమ్‌సన్. 1993లో సంకేత విశ్లేషణ రంగంలో మల్లా, జాంగ్‌లు మ్యాచింగ్ పర్స్యూట్ పేరుతో దాదాపు ఇదే ఆలోచనను ప్రతిపాదించారు. అదే సంవత్సరం పతి, రెజాయీఫర్, కృష్ణప్రసాద్‌లు ప్రతి అడుగులోనూ అప్పటివరకు ఎంపికైన చలరాశులన్నింటి గుణకాలను తిరిగి లెక్కించే ఆర్థోగోనల్ మ్యాచింగ్ పర్స్యూట్‌ను వివరించారు. 1996లో టిబ్షిరానీ ప్రవేశపెట్టిన లాస్సో మరొక దారి పట్టి, గుణకాల పరిమాణాల మొత్తం మీద పరిమితి విధిస్తుంది. ఫలితాలలో ఈ రెండు దారులు చాలాచోట్ల కలుస్తాయి. క్రింద చెప్పబోయే హెచ్చరికలు రెండింటికీ వర్తిస్తాయి.

వాకర్ అడిగిన ప్రశ్న

ఎక్కువ చలరాశులలో నుండి ఎంచుకోవడంలోని ప్రమాదాన్ని భారతదేశంలోనే, అదీ వాన అంచనాల సందర్భంలోనే, నూరేళ్లకు ముందు గుర్తించారు. 1904 నుండి 1924 వరకు భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్ కేంబ్రిడ్జిలో గణితం చదివినవాడు. రుతుపవనాలతో సంబంధం గల అంశాల కోసం ప్రపంచం నలుమూలల వాయుపీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతాల రికార్డులను పోల్చుతూ వందల సహసంబంధ గుణకాలను లెక్కింపజేశాడు. అన్ని గుణకాలలో అతి పెద్దదానిని ఏరి, అది ఒక్కటే లెక్కించినట్లుగా పరీక్షించడం తగునా అన్న ప్రశ్నను 1914లో ఆయనే లేవదీశాడు. తగదు అన్నది ఆయన సమాధానం. ఎన్నింటిలో నుండి ఏరామో ఆ సంఖ్యను లెక్కలోకి తీసుకుని ప్రమాణాన్ని కఠినం చేయాలి.

వాకర్ తర్కాన్ని మన 120 చలరాశులకు అన్వయిద్దాం. అవన్నీ దిగుబడితో ఎటువంటి సంబంధమూ లేని యాదృచ్ఛిక అంకెలని, ఒకదానితో ఒకటి సంబంధం లేనివని అనుకుందాం. 30 సంవత్సరాల రికార్డులో 5 శాతం స్థాయి వద్ద పట్టిక చూపే హద్దు 0.361. ఆ హద్దును దాటేవి సగటున ఆరు ఉంటాయి. అన్నింటిలో పెద్దదైన గుణకం 0.49ను దాటే అవకాశం సగానికి సగం. గ్రీడీ పద్ధతి మొదటి అడుగులో తీసుకునేది సరిగ్గా దీనినే. తీసుకున్న వెంటనే ప్రోగ్రామ్ దాని ఎదుట రెండు నక్షత్రపు గుర్తులు ముద్రిస్తుంది. ఎందుకంటే అది 120లో ఏరినదని ఆ పరీక్షకు తెలియదు. వాస్తవ వాతావరణంలో పక్కపక్క వారాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి గనుక 120 అన్నది ఆచరణలో కొంత తగ్గుతుంది. అయినా ప్రమాదం స్వభావం మారదు.

భారత వాతావరణ శాఖ 1988 నుండి 16 అంశాల నమూనాతో దీర్ఘకాలిక అంచనాలు విడుదల చేసింది. చాలా ఏళ్లు అది బాగానే నడిచింది. 2002లో వర్షపాతం దీర్ఘకాల సగటులో 101 శాతం ఉంటుందని అంచనా. కురిసినది 81 శాతం. ఆ ఏటి కరువును రాయలసీమ వారికి గుర్తు చేయనక్కరలేదు. తరువాత జరిపిన సమీక్షలో, ఎంపికైన నాడు బలంగా కనిపించిన అంశాలలో పలువాటి సంబంధం కాలక్రమంలో సన్నగిల్లినట్లు తేలింది. 2003లో 8, 10 అంశాల నమూనాలు వచ్చాయి. 2007 నుండి ఏప్రిల్ అంచనాకు అయిదు, జూన్ అంచనాకు ఆరు అంశాలు గల వ్యవస్థ అమలైంది. దీనిలో ఒక విశేషం ఉంది. ఆరు అంశాలతో సాధ్యమయ్యే జట్లు 63 మాత్రమే కనుక అన్నింటినీ కట్టి చూసి, మెరుగైన కొన్నింటి సగటును తీసుకోవచ్చు. గ్రీడీ ఎంపిక అవసరమే పడదు. భౌతిక కారణాలు తెలిసిన అంశాలను ముందే కొద్దిపాటికి కుదించుకున్నందువల్ల లభించిన వెసులుబాటు ఇది. మన దిగుబడి నమూనాలలో ఈ మొదటి వడపోతకు కేటాయించే శ్రద్ధ చాలా తక్కువ అని నా అభిప్రాయం.

భారిత సూచికలలో దాగిన ఎంపిక

మన దేశంలో జిల్లా స్థాయి దిగుబడి అంచనాలకు విరివిగా వాడే పద్ధతి భారతీయ వ్యవసాయ గణాంక పరిశోధన సంస్థ రూపొందించిన వాతావరణ సూచికల నమూనా. ఫసల్ కార్యక్రమం క్రింద వ్యవసాయ వాతావరణ క్షేత్ర విభాగాలు వేసే అంచనాలకు కూడా ఇదే ఆధారం. 120 చలరాశులను నేరుగా ప్రతిగమనంలోకి పంపకుండా, ఒక్కొక్క అంశానికి ఇరవై వారాల విలువలను కూడి ఒక సాదా సూచిక, ప్రతి వారానికీ దిగుబడితో గల సహసంబంధ గుణకాన్ని భారంగా వేసి కూడి ఒక భారిత సూచిక తయారుచేస్తారు. రెండేసి అంశాల లబ్ధాలకు కూడా ఇలాగే. ఆరు అంశాలకు 12, వాటి జతలకు 30, మొత్తం 42 సూచికలు. వీటి నుండి స్టెప్‌వైజ్ పద్ధతి నాలుగయిదింటిని ఏరుతుంది.

పద్ధతి చక్కనిది, చేతికి అందేది. దానిలో ఎంపిక రెండుసార్లు జరుగుతున్నదన్న సంగతి మాత్రం తరచు మరుగున పడుతుంది. స్టెప్‌వైజ్ దశ కంటికి కనిపించే ఎంపిక. దానికి ముందే, దిగుబడిని చూసి వారాలకు భారాలు వేసినప్పుడు, కనిపించని ఎంపిక ఒకటి జరిగిపోయింది. దాని ప్రభావం ఎంతో లెక్కకట్టవచ్చు. ఇరవై వారాల వర్షపాతానికి దిగుబడితో ఏ సంబంధమూ లేదని, వారాలు పరస్పరం స్వతంత్రమని అనుకుందాం. అప్పుడు కూడా 30 ఏళ్ల రికార్డులో భారిత సూచికకు, దిగుబడికి మధ్య సహసంబంధం సుమారు 0.64 వస్తుంది. ఒక్కొక్క వారంలోని యాదృచ్ఛిక మొగ్గును దాని దిశలోనే బలపరిచి కూడినందువల్ల ఏర్పడిన సంఖ్య అది. అటువంటి భారిత సూచికలు ఆరు, లబ్ధాల నుండి మరి పదిహేను స్టెప్‌వైజ్ ముందుకు వస్తే, ఏది ఎంపికైనా ఆశ్చర్యం లేదు. నిర్ధారణ గుణకం 0.80 దాటినా ఆశ్చర్యం లేదు.

నమూనాను ఒక్కొక్క సంవత్సరం వదిలి పరీక్షించామని అనేక నివేదికలలో చదువుతాము. ఏ దశలో వదిలారన్నది అక్కడ అడగవలసిన ప్రశ్న. ముప్ఫై ఏళ్లతో భారాలు కట్టి, ముప్ఫై ఏళ్లతో సూచికలు ఏరి, చివరి సమీకరణం గుణకాలను మాత్రం ఇరవై తొమ్మిది ఏళ్లతో లెక్కిస్తే, వదిలామనుకున్న సంవత్సరం భారాలలోను, ఎంపికలోను అప్పటికే చేరి ఉంది. ప్రశ్నపత్రం ముందే చూసిన విద్యార్థికి పరీక్ష పెట్టినట్లే. సరైన పద్ధతిలో సంవత్సరాన్ని మొట్టమొదటే తీసి పక్కన పెట్టాలి. ధోరణి తొలగింపు, భారాల లెక్క, గ్రీడీ ఎంపిక, గుణకాలు అన్నీ మిగిలిన 29 సంవత్సరాలతోనే మళ్లీ మొదటి నుండి చేయాలి. ఇలా ముప్ఫై పర్యాయాలు. కంప్యూటరుకు ఇది కొన్ని క్షణాల పని. వచ్చే ఖచ్చితత్వం మాత్రం నివేదికలో రాసుకోవడానికి అంత అందంగా ఉండదు.

ఈ పట్టుదల ఎందుకంటే, అంచనా కావలసినది మామూలు ఏళ్లకు కాదు. మామూలు ఏడాదిలో గత అయిదేళ్ల సగటు చెప్పినా పెద్ద తప్పు రాదు. ప్రత్యామ్నాయ పంటల ప్రణాళిక, విత్తన సరఫరా, కరువు మండలాల గుర్తింపు వంటి నిర్ణయాలకు నమూనా అక్కరకు రావలసినది బెట్ట సంవత్సరాలలో. ముప్ఫై ఏళ్ల రికార్డులో తీవ్రమైన కరువు ఏళ్లు కొన్నే ఉంటాయి. ఆ కొద్ది ఏళ్లలో మాత్రమే దిగుబడితో పాటు పడిపోయిన చలరాశి ఏదైనా 120లో ఉంటే, అది ఏదో ఒక వారపు సాయంత్రపు తేమే అయినా, గ్రీడీ పద్ధతి దానిని అందుకుంటుంది. తరువాతి కరువు మరొక వారంలో వస్తుంది.

అందుచేత సగటు దోషంతో పాటు, ప్రతి కరువు ఏటినీ వదిలినప్పుడు ఆ ఏటికి వచ్చిన అంచనా ఎంత అన్నది విడిగా పట్టికలో చూపడం అవసరం.

వానా, వాన పడిన రోజులూ

పై దోషం లేనిదానిని ఎంచుకోవడం. ఉన్నదానిని వదిలివేయడం మరొక దోషం. మొత్తం వర్షపాతం, వర్షం పడిన రోజుల సంఖ్య ఒకదానితో ఒకటి పెరిగే అంశాలు. వాటి మధ్య సహసంబంధం 0.9 అనుకుందాం. ఎర్రనేలలో వాన ఎంత పడిందన్న దానికంటే ఎలా పడిందన్నది ముఖ్యం. ఒక్క రాత్రి కుండపోతగా కురిసి వంకలో కలిసిపోయిన వానకు, నాలుగు దఫాలుగా ఇంకిన వానకు దిగుబడిలో తేడా ఉంటుంది. ఉదాహరణకు దిగుబడి పూర్తిగా ఈ రెండింటి ప్రమాణీకృత విలువల భేదం మీదనే ఆధారపడిందని భావించండి. అప్పుడు ఈ రెండింటిలో దేనిని విడిగా తీసుకున్నా దిగుబడితో దాని సహసంబంధం పరిమాణం 0.22 మాత్రమే, వివరించేది 5 శాతం. రెండింటినీ కలిపి తీసుకుంటే 100 శాతం. జంటగా మాత్రమే ఫలితమిచ్చే ఇటువంటి చలరాశులను ఒక్కొక్కదానిని విడివిడిగా తూచే పద్ధతి గుర్తించలేదు. 0.22 గల వీటిని దాటి, కేవలం యాదృచ్ఛికంగా 0.49 చూపిన చలరాశి మొదటి స్థానం ఆక్రమిస్తుంది.

దీనికి పాక్షిక పరిష్కారం ముందడుగుతో పాటు వెనుకడుగు కూడా వేయడం. టాంగ్ జాంగ్ 2008లో ప్రతిపాదించిన ఫోబా పద్ధతిలో ప్రతి చేరిక తరువాత, ముందు చేరినవాటిలో ఇప్పుడు అక్కరలేనివి ఏవో చూసి, తీసివేసినందువల్ల కలిగే నష్టం చేర్చినందువల్ల కలిగిన లాభంలో సగానికంటే తక్కువైతే తీసివేస్తారు. వర్షపాతం, వాన రోజులు రెండూ ఏదో ఒక అడుగులో ప్రవేశిస్తే, వాటికి బదులుగా మొదట చేరిన చలరాశి ఈ వెనుకడుగులో రాలిపోతుంది. ప్రవేశించకపోతే ఈ పద్ధతి కూడా ఏమీ చేయలేదు.

గ్రీడీ పద్ధతి ఎప్పుడు తప్పక సరైన జట్టును పట్టుకుంటుందో చెప్పే సిద్ధాంతాలూ ఉన్నాయి. 2004లో జోయెల్ ట్రాప్ చూపిన దాని ప్రకారం, యాదృచ్ఛిక దోషం లేని సందర్భంలో, నిజమైన చలరాశులు రెండైతే ఏ రెండు చలరాశుల మధ్య సహసంబంధమైనా మూడో వంతుకు లోపు, మూడైతే అయిదో వంతుకు లోపు ఉన్నప్పుడు ఆర్థోగోనల్ మ్యాచింగ్ పర్స్యూట్ విఫలం కాదు. ఈ షరతు విఫలం కాకుండా ఉండటానికి చాలినదే గాని, తప్పనిసరి అయినది కాదు. అయినా మన డేటా దానికి ఎంత దూరమో చూడండి: ఆగస్టులో వాన లేని వారంలో గరిష్ఠ ఉష్ణోగ్రత పెరుగుతుంది, సాయంత్రపు తేమ తగ్గుతుంది, ఎండ గంటలు పెరుగుతాయి. నాలుగూ ఒకే బెట్టకు నాలుగు పేర్లు. వాటిలో ఏది ఎంపికైనదన్నది ఒకటి రెండు సంవత్సరాల అంకెల మీద ఆధారపడి మారుతుంది. కాబట్టి నమూనాలో 34వ వారం సాయంత్రపు తేమ కనిపించిందని, ఆ వారంలో తేమను గూర్చి రైతుకు సలహా ఇవ్వబూనడం తగదు. అంచనాకు పనికివచ్చిన చలరాశి కారణం కానవసరం లేదు. విస్తరణ శాస్త్రవేత్తలు ఈ భేదాన్ని గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే పట్టికకూ పొలానికీ మధ్య నిలిచేది వారే.

ముందు చేయవలసిన వడపోత

ఎంపికకు ముందే చలరాశులను తగ్గించుకునే మార్గాలు ఉన్నాయి. 1924లో ఫిషర్ రోథామ్‌స్టెడ్ గోధుమ దిగుబడులపై వర్షపాత ప్రభావాన్ని పరిశీలించినప్పుడు, ఏడాదిని ఆరేసి రోజుల 61 భాగాలు చేసి, ఆ 61 అంకెలలో నుండి ఏరే ప్రయత్నం చేయలేదు. వర్షపాత ప్రభావం కాలంతో పాటు నెమ్మదిగా మారుతుందన్న ఊహతో అయిదో ఘాత బహుపది ద్వారా వాటిని ఆరు అంకెలకు కుదించాడు. దిగుబడిని చూడకుండానే చేసిన కుదింపు కనుక దీనికి వాకర్ చెప్పిన మూల్యం చెల్లించనవసరం లేదు.

మన రైతుల చేతిలో ఉన్న కార్తెల పంచాంగం కూడా ఇటువంటి కుదింపే. ఒక్కొక్క కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు. మృగశిర నుండి చిత్త వరకు పది కార్తెలు. ఇరవై వారాలకు బదులు పది కాలఖండాలు, 120కి బదులు 60 చలరాశులు. ఆచారాన్ని గణాంకశాస్త్రంలోకి లాగే ఉద్దేశంతో చెబుతున్న మాట కాదిది. రెండు వారాల వ్యవధి నేల తేమ నిలుపుదలకు ఒక వారం కంటే దగ్గరగా ఉంటుంది. దీనికంటే మెరుగైనది విత్తిన తేదీ నుండి పంట దశల వారీగా బెట్ట రోజులు లెక్కించడం. ఊడలు దిగే దశలో బెట్ట రోజులు, కాయ ఊరే దశలో బెట్ట రోజులు, విత్తే నాటికి నేలలో తేమ, ఇలా ఎనిమిది పది చలరాశులు శస్యశాస్త్రజ్ఞుని వద్ద కూర్చొని రాసుకుంటే, అప్పుడు గ్రీడీ ఎంపికకైనా, అన్ని జట్లను చూడడానికైనా అర్థం ఉంటుంది. పది చలరాశులకు జట్లు 1,023 మాత్రమే.

దిగుబడి శ్రేణిని సరిచూసుకోవడం మరొక పని. టీఎంవీ 2 స్థానంలో కదిరి 6 వంటి రకాలు వ్యాపించినందువల్ల వచ్చిన పెరుగుదలను ముందుగా తొలగించకపోతే, ఏటేటా పెరిగే ఏ చలరాశి అయినా, ముఖ్యంగా కనిష్ఠ ఉష్ణోగ్రత, ఆ ఘనతను తన ఖాతాలో వేసుకుంటుంది. జిల్లా సరిహద్దులు కూడా మారుతూ వచ్చాయి. 1970లో మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు నుండి కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి వెళ్లాయి. 2022 ఏప్రిల్‌లో కర్నూలు నుండి నంద్యాల, కడప నుండి అన్నమయ్య జిల్లాలోని అధిక భాగం విడివడ్డాయి. నల్లరేగడి సింహభాగం నంద్యాలకు పోయిన తరువాత కర్నూలు అన్న పేరుతో వచ్చే అంకె వేరే నేలను గూర్చి చెబుతుంది. పాత శ్రేణిని కొనసాగించాలంటే మండల స్థాయి అంకెలను పాత హద్దుల ప్రకారం తిరిగి కూర్చుకోక తప్పదు.

మండలాల ప్రస్తావన వచ్చింది కనుక మరొక విషయం. ముప్ఫై సంవత్సరాలు చాలవన్న బాధతో, యాభై మండలాల దిగుబడులను కలిపి 1,500 వరుసల పట్టిక తయారుచేయడం ఇటీవల పరిపాటి అయింది. పట్టిక పెద్దదవుతుంది గాని, ఒకే ఏటి బెట్ట ఆ యాభై మండలాల మీద కలిసే పడింది. వాతావరణం విషయంలో మనకు తెలిసినవి ఇప్పటికీ ముప్ఫై సంవత్సరాలే. ఈ పట్టికలో వరుసలను యాదృచ్ఛికంగా పది భాగాలు చేసి క్రాస్ వ్యాలిడేషన్ జరిపితే, పత్తికొండ 2002 పరీక్షలో ఉండగా పక్కనున్న దేవనకొండ 2002 శిక్షణలో ఉంటుంది. నమూనా ఆ ఏటిని ముందే చూసినట్లే. వదలవలసినది వరుసను కాదు, మండలాన్ని కాదు. 2002 అన్న ఏటిని, యాభై మండలాలతో సహా, మొత్తంగా వదలాలి.